పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ప్రార్థన ఎంత చేస్తే ఉజ్జీవం వస్తుంది?

ప్రశ్న: మా క్రైస్తవ సంఘంలో నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకొకసారి రాత్రంతా ప్రార్థన, ఏడాదికొకసారి 21 రోజుల గొలుసు ప్రార్థన (వంతులవారీగా ఆగకుండా సాగే ప్రార్థన) జరుపుతున్నాము. ఇవన్నీ ఉజ్జీవం కోసమే, అంటే సంఘంలో విశ్వాసం మళ్లీ కొత్త జీవం పొందాలనే. అయినా సంఘం ఉన్నచోటనే ఉంది. పైగా మొదట్లో వచ్చినవారిలో సగం మంది మానేశారు. ప్రార్థన చాలడం లేదని, ఇంకా పెంచాలని సంఘ పెద్దలు అంటున్నారు. ఇంతకీ ప్రార్థన ఎంత చేస్తే ఉజ్జీవం వస్తుంది?
– ఒక సంఘ సభ్యురాలు

జవాబు: మీ బాధ నిజమైనదని ముందుగా ఒప్పుకుంటున్నాను. నాలుగేళ్లు విడువకుండా ప్రార్థించడం చిన్న విషయం కాదు. అయితే మీ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని మీరే మరొకసారి చదువుకోండి. ‘ఎంత చేస్తే’ అన్న మాట కొలతకూ వెలకూ సంబంధించినది. ఇన్ని గంటలు చెల్లిస్తే ఇంత ఉజ్జీవం దొరుకుతుందన్న లెక్క మనకు తెలియకుండానే మన సంఘాలలో పాతుకుపోయింది. ఆ లెక్క ప్రకారం ఉజ్జీవం రాకపోతే తప్పు ఎప్పుడూ ప్రార్థించేవారిదే అవుతుంది. అలసిపోయినవారి మీద ఇంకొక బరువు పెట్టడం తప్ప దానివల్ల జరిగేదేమీ లేదు.

కర్మెలు కొండ మీద జరిగిన సంగతిని (1 రాజులు 18) ఈ దృష్టితో చదవండి. బలి మీదికి అగ్నిని పంపేవాడే నిజమైన దేవుడని తేల్చుకునే పోటీ అది. బయలు అనే దేవతను కొలిచే ప్రవక్తలు ఉదయం నుండి మధ్యాహ్నం వరకు, ఆ తరువాత సాయంకాల నైవేద్య సమయం వరకు కేకలు వేశారు. గంటలే ప్రమాణమైతే ఆ రోజు గెలుపు వారిదే కావాలి. యెహోవా ప్రవక్త ఏలీయా చేసిన ప్రార్థన రెండు వచనాలలో ముగిసింది. కాని ఆ రెండు వచనాలకు ముందు ఆయన చేసిన పని ఒకటుంది: పడిపోయి ఉన్న యెహోవా బలిపీఠాన్ని బాగుచేశాడు. అగ్ని ఆ బలిపీఠం మీదనే దిగింది. అలాగని ఓపికతో పట్టుబట్టి ప్రార్థించడం అక్కరలేదని కూడా అనుకోకూడదు. అదే అధ్యాయం చివర అదే ఏలీయా వర్షం కోసం నేలకు వంగి, ముఖాన్ని మోకాళ్ల మధ్య ఉంచుకొని, సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ణి ఏడుసార్లు పంపాడు. అంటే క్లుప్తమైన ప్రార్థన, పట్టువిడవని ప్రార్థన రెండూ ఒకే మనిషివి, ఒకే దినానివి. వాటిని వేరుచేసి ఒకదాన్ని కొలబద్దగా నిలబెట్టింది మనమే.

ఉజ్జీవ కూటాలలో తరచుగా వినిపించే 2 దినవృత్తాంతములు 7:14 కూడా ఇదే చెబుతుంది. ఆ వచనంలో దేవుడు తన జనుల నుండి కోరినవి నాలుగు: తమ్మును తాము తగ్గించుకోవడం, ప్రార్థించడం, ఆయన ముఖాన్ని వెదకడం, చెడు మార్గాలను విడిచిపెట్టడం. మనం రెండవదాన్ని గట్టిగా పట్టుకొని, మొదటిదానినీ నాలుగవదానినీ ప్రార్థనలో వాడే మాటలుగా మార్చుకున్నాము. ‘మమ్మును తగ్గించుము ప్రభువా’ అని గంటసేపు ప్రార్థించి, బయటకు రాగానే చెప్పుల దగ్గర ఎదురుపడిన మనిషిని పలకరించకుండా వెళ్లిపోవడం మనలో చాలామందికి చేతనవును. ఈ మాట రాస్తున్న నాకు కూడా అది చేతనయిన పనే.

చరిత్రలోని ఒక ఉదాహరణను మనం ఎంత తలకిందులుగా చెప్పుకుంటున్నామో చూడండి. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఉన్న హెర్న్‌హూట్ అనే గ్రామంలో మొరావియన్లు (మత హింస వల్ల స్వదేశం విడిచి వచ్చిన ప్రొటెస్టంట్ క్రైస్తవులు) రాత్రింబవళ్లు వంతులవారీగా సాగించిన ప్రార్థన దాదాపు వందేళ్లు నిలిచిందని మన ప్రసంగాలలో వింటుంటాము. అంత ప్రార్థించారు గనుకనే ఉజ్జీవం వచ్చిందన్నట్టు ఆ సంగతిని చెబుతారు. తేదీలు చూస్తే వరుస వేరుగా ఉంది. 1722 నుండి జింజెండార్ఫ్ అనే జమీందారు భూములలో ఆశ్రయం పొందుతూ వచ్చిన ఆ శరణార్థులు 1727 నాటికి సిద్ధాంతాల మీదా పద్ధతుల మీదా ఒకరితో ఒకరు తీవ్రంగా కలహించుకుంటున్నారు. జింజెండార్ఫ్ ఇంటింటికీ తిరిగి వారితో మాట్లాడాడు. ఆ ఏడు మే 12న అందరూ కలిసి బ్రతికేందుకు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆగస్టు 13న పక్కనే ఉన్న బెర్తెల్స్‌డోర్ఫ్ ఆలయంలో ప్రభురాత్రి భోజనం (యేసు చివరి విందును గుర్తుచేసే రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటుండగా వారి హృదయాలు కరిగిపోయి, మాటలాడుకోనివారు కూడా ఒకరినొకరు క్షమించుకున్నారు. రేయింబవళ్లు సాగిన ఆ ప్రార్థన మొదలైంది ఆగస్టు 27న. అంటే వందేళ్ల ప్రార్థన ఆ ఉజ్జీవానికి చెల్లించిన వెల కాదు, ఆ ఉజ్జీవం కాసిన పంట. సమాధానపడినవారికి ప్రార్థన ఎంత సహజమైపోయిందంటే, ఆపడానికి వారికి కారణం కనబడలేదు. ఐదేళ్లకు, 1732లో, వారిలో ఇద్దరు కరీబియన్ దీవులలోని బానిసలకు సువార్త చెప్పడానికి బయలుదేరారు.

వీటన్నిటి అర్థం ప్రార్థనకు పనేమీ లేదని కాదు. మన లోపల ఏది పడిపోయిందో చూపేదే ప్రార్థన. చూసినదాన్ని బాగుచేసే బలం దొరికేదీ అక్కడే. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యేసు శిష్యులు సుమారు 120 మంది ఏకమనస్సుతో ప్రార్థిస్తూ ఎదురుచూశారు. పరిశుద్ధాత్మ ఎప్పుడు దిగివచ్చేదీ వారు నిర్ణయించలేదు. ఆత్మ పనిని గాలితో పోలుస్తూ, గాలి తనకు ఇష్టమైన చోట విసురుతుందని ప్రభువే చెప్పాడు (యోహాను 3:8). కాబట్టి మీ సంఘంలో ఏదో దాచిన పాపం ఉండబట్టే ఉజ్జీవం రాలేదని నేను ఇక్కడ కూర్చొని తీర్పు చెప్పలేను. బాధలు పడుతున్న యోబు ఏదో పాపం చేసి ఉంటాడని తీర్పు చెప్పిన అతని స్నేహితుల పొరపాటు అది.

మీరు చేయగలిగినది ఒకటి చెబుతాను. ప్రార్థనకు ఇంకొక రోజు చేర్చమని కాక, ఉన్న శుక్రవారాలలో ఒకదాన్ని మత్తయి 5:23-24కు ఇచ్చివేయమని పెద్దలను అడగండి. అర్పణను బలిపీఠం ముందే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట అది. ఆ పూట ప్రార్థన మందిరంలో కాకుండా, మానేసిన ఆ సగం మంది ఇళ్లలో జరగనివ్వండి. తిరిగి రమ్మని బతిమాలడానికి వెళ్లవద్దు. ఎందుకు మానేశారో అడిగి, వారు చెప్పేది అడ్డు చెప్పకుండా వినడానికి వెళ్లండి.

ప్రశ్న: ప్రార్థనకు మోకరించగానే నా మనసు నలుదిక్కులకు పోతుంది. ఐదు నిమిషాలకే మాటలు అయిపోతాయి. నా స్నేహితురాలు గంటల తరబడి అనర్గళంగా ప్రార్థిస్తుంది. నాలో ఆత్మీయత లేదా? రాసి ఉంచిన ప్రార్థనలు చదవడం తప్పా?

జవాబు: తప్పు కాదు. సిలువ మీద ప్రభువు పలికిన మాటలలో రెండు కీర్తనలలోనివి (22:1, 31:5). తీవ్రమైన వేదనలో ఆయనే చిన్ననాటి నుండి ఎరిగిన ప్రార్థనను ఆశ్రయించగా, మనం ఆశ్రయించడానికి సిగ్గుపడవలసిన పని లేదు. రోజుకొక కీర్తనను పైకి చదివి, ఏ వచనం దగ్గర మీ గొంతు ఆగిందో అక్కడి నుండి మీ సొంత మాటలతో కొనసాగించండి. మనసు వెళ్లిన చోటికే ప్రార్థనను కూడా తీసుకువెళ్లండి. తీరని బాకీ గుర్తుకువస్తే దాన్ని వెళ్లగొట్టడానికి పోరాడే బదులు ఆ బాకీ గురించే ప్రార్థించవచ్చు.

అనర్గళత ఒక వరమే కాని అది కొలమానం కాదు. బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, యాజకుడు ఆమె మత్తులో ఉందనుకున్నాడు. యేసు చెప్పిన కథలో, దేవాలయంలోని సుంకరి (పన్ను వసూలుచేసేవాడు) ఒక్క వాక్యంతో నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. 1857 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో జెరెమయా లాన్‌ఫియర్ అనే సామాన్య విశ్వాసి మధ్యాహ్న ప్రార్థన కూటం పెట్టగా, మొదటి అరగంట ఆయన ఒంటరిగానే ఉన్నాడు. గంట ముగిసేసరికి ఆరుగురయ్యారు. కొన్ని నెలలలో అలాంటి కూటాలు అనేక నగరాలకు పాకాయి. ఆ కూటాలలో ఎవరూ ఐదు నిమిషాలకు మించి ప్రార్థించకూడదన్న నియమం ఉండేది. మీ ఐదు నిమిషాలు అక్కడ సరిగ్గా సరిపోయేవి.

ప్రశ్న: గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు కదా. అలాంటప్పుడు సంఘ ప్రార్థన కూటానికి వెళ్లడం అవసరమా?

జవాబు: మత్తయి 6:6లో ప్రభువు కాదన్నది మనుష్యులకు కనబడాలనే కోరికను, కలిసి ప్రార్థించడాన్ని కాదు. ఆయన నేర్పిన ప్రార్థన ‘నా తండ్రీ’ అని కాక ‘మా తండ్రీ’ అని మొదలవుతుంది. మీ పని వేళలు కూటానికి కుదరకపోతే, ఇద్దరు ముగ్గురు చాలునని ఆయనే అన్నాడు గనుక, మీ ఇంట్లోనే మరొకరిని పిలిచి కూర్చోబెట్టుకోండి.