లోక్‌సభకు గెలవని ఆర్థికవేత్త ప్రధాని ఎలా అయ్యారు?

ప్రశ్న: మన్మోహన్ సింగ్ ఒక్కసారి కూడా లోక్‌సభకు గెలవలేదంటారు. మరి ఆర్థిక మంత్రి, ఆపైన ప్రధానమంత్రి ఎలా కాగలిగారు?
– ఎం.ఏ. విద్యార్థిని, బరంపురం

జవాబు: మంత్రి కావాలంటే ముందే పార్లమెంటు సభ్యులై ఉండనక్కర్లేదు. రాజ్యాంగం 75(5) అధికరణం ప్రకారం ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో చోటు సంపాదిస్తే చాలు. 1991 జూన్ 21న ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ లేరు. అక్టోబరులో అస్సాం నుంచి రాజ్యసభకు వచ్చారు. ఆయన్ని పిలిచి పదవి ఇచ్చిన పి.వి. నరసింహారావు గారికీ అప్పటికి సీటు లేదు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. (ఆ పీవీ గారే 1996లో నంద్యాల, బరంపురం రెండుచోట్లా గెలిచి మీ బరంపురాన్నే ఉంచుకున్నారు.) మన్మోహన్ లోక్‌సభకు పోటీ చేసింది 1999లో, దక్షిణ ఢిల్లీలో. ఓడిపోయారు. 2004 నుంచి 2014 దాకా ప్రధానిగా ఉన్నదీ రాజ్యసభ సభ్యుడిగానే.

రాజ్యసభకు అప్పట్లో ఒక చిక్కు ఉండేది. ఏ రాష్ట్రం నుంచి నిలబడితే ఆ రాష్ట్రంలోనే ఓటు ఉండాలి. అందుకే ఆయన పేరు అస్సాం ఓటర్ల జాబితాలో ఎక్కింది. 2003లో చట్టం సవరించి ఆ షరతు తీసేశారు, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. ఇప్పుడు 30 ఏళ్లు నిండి, దేశంలో ఎక్కడో ఒకచోట ఓటుంటే సరిపోతుంది. అసలు కష్టం రాజ్యసభ సభ్యులను ఎన్నుకునే ఎమ్మెల్యేల దగ్గర. ఒడిశా శాసనసభలో 147 మంది. మూడు సీట్లకు ఎన్నిక జరిగితే, సీట్లకు ఒకటి కలిపి 147ను నాలుగుతో భాగించాలి: 36.75. అంటే అందరూ ఓటేసినప్పుడు 37 మొదటి ప్రాధాన్య ఓట్లు (బ్యాలెట్‌లో మొదటి ఎంపికగా వేసినవి) వస్తే గెలుపు ఖాయం. పార్టీ ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి కాబట్టి, పార్టీ తలచుకోనిదే ఎంత చదువున్నా ఈ దారిన లోపలికి వెళ్లలేరు.

ప్రశ్న: యూరియా చౌక, డీఏపీ ప్రియం. అంతటి ఆర్థికవేత్త పదేళ్లు పాలించినా ఈ తేడా ఎందుకు పోలేదు?
– పత్తి రైతు, రాయగడ జిల్లా

జవాబు: ఆయన రాజకీయ జీవితమంతా ఈ ప్రశ్నలో ఉంది. 1991 వేసవిలో దేశం దగ్గర రెండు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే విదేశీ మారకం మిగిలింది. జులైలో రూపాయి విలువ రెండు విడతల్లో తగ్గించారు, సుమారు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువపెట్టారు. జులై 24 బడ్జెట్లో సబ్సిడీ భారం దించడానికి ఎరువుల ధర సగటున 40 శాతం పెంచారు. సొంత పార్టీ ఎంపీలే అడ్డం తిరిగారు. రెండు వారాలు గడవకుండానే పెంపు 30 శాతానికి దిగింది, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు వచ్చింది. పరిశ్రమల లైసెన్సులు ఎత్తేసినప్పుడు ఇంత గొడవ లేదు. రైతు ప్రతి పంటకూ కొనే బస్తా ధర ముట్టుకుంటే ఊరూరా ఎంపీని నిలదీస్తారు.

అసలు దెబ్బ 1992 ఆగస్టులో తగిలింది. డీఏపీ లాంటి భాస్వరం ఎరువులు, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు తీసేశారు, వాటి ధర పెరిగింది. యూరియాను మాత్రం అదుపులోనే ఉంచి, పైగా ధర 10 శాతం తగ్గించారు. రైతు లెక్క తెలిసినవాడు, చౌకైనదే వేశాడు. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలంటారు. 1992–93లో దేశంలో వాడకం 9.5:3.2:1కి చేరింది. ఆయన ప్రధానిగా ఉండగా 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాలను బట్టి ఇచ్చేది) తెచ్చారు, అప్పుడూ యూరియాను బయటే ఉంచారు. అదే తప్పు రెండోసారి. ఇక్కడ సగం సంస్కరణ, అసలు చెయ్యకపోవడం కంటే ఎక్కువ చేటు చేసిందని మా అభిప్రాయం.

మీ చేలో దాని ఫలితం చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది, ఇంకేమీ ఉండదు. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. ఒట్టి యూరియా కుమ్మరిస్తే పత్తి ఏపుగా పెరిగి నిగనిగలాడుతుంది, కానీ కాపు ఆలస్యమవుతుంది, లేత ఆకుకు పచ్చదోమ ఎగబడుతుంది. భూసార పరీక్ష చేయించాకే బస్తాలు కొనండి. డీఏపీ వేస్తే అందులోని 9 కిలోల నత్రజనిని యూరియా లెక్కలో తగ్గించుకోవడం మరవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఆ దారిలో వెళ్లాలంటున్నాడు. ఏం చదవాలి?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: మన్మోహన్ 1971లో ప్రభుత్వ ఆర్థిక సలహాదారుగా చేరి, రిజర్వు బ్యాంకు గవర్నరుగానూ, ప్రణాళికా సంఘంలోనూ పనిచేసి, ఇరవై ఏళ్లకు మంత్రి అయ్యారు. కాబట్టి అమ్మా, ముందు ఉద్యోగం సంగతి చూడండి. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాలకు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్‌లో పీజీ కావాలి. వయసు 21 నుంచి 30 లోపు. ఎస్సీ, ఎస్టీలకు 5, ఓబీసీలకు 3 ఏళ్ల సడలింపు ఉంది. రాతపరీక్ష 1,000 మార్కులు, మౌఖిక పరీక్ష 200. జవాబులు ఇంగ్లీషులోనే రాయాలి. తెలుగులోనో ఒడియాలోనో చదివిన పిల్లలు తడబడేది ఇక్కడే, డిగ్రీ మొదటి ఏడాది నుంచే వ్యాసాలు రాయించండి. ఉద్యోగంలో ఉండగా పార్టీలో చేరడం, ఎన్నికల్లో నిలబడడం కుదరదు. రాజీనామా ఆమోదం పొందాకే నామినేషన్ వేయాలి.