వంటగది గోడ తీయడానికి 7 లక్షలు ఖర్చు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడలో 2004లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయించుకోవాలని ఉంది. 7.2 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. హోమ్ లోన్ మీద 6 లక్షల టాప్-అప్ (అదనపు అప్పు) 9.5 శాతానికి, 15 ఏళ్లకు ఇస్తామంటున్నారు. ఈఎంఐ సుమారు 6,300. ఇప్పుడు కడుతున్న ఈఎంఐ 21,000, ఇంటి ఖర్చు 55,000. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. మా అత్తగారు మాతోనే ఉంటారు. తీసుకోమంటారా?

జవాబు: ఈ టాప్-అప్ తీసుకోవద్దు. వంటగదిని బాగు చేసుకోవద్దని మాత్రం అనడం లేదు. ఇరవై ఏళ్లుగా రోజూ నిలబడి పనిచేసిన చోటు బాగుండాలని కోరుకోవడం న్యాయమే.

మీరు పంపిన కొటేషన్ నిదానంగా చూశాను. గోడ కొట్టి రబ్బిష్ పారబోయడానికి వేసింది 35,000. మిగతా 6.85 లక్షలూ గోడ పోయిన తర్వాత దాని వెంట వచ్చే పనులకే. గోడ తీస్తే కింద ఒక పట్టీ మేర ఫ్లోరింగ్ ఉండదు. 2004 నాటి టైల్‌కి ఇప్పుడు జత దొరకడం కష్టం. అందుకే హాలు, వంటగది మొత్తం కొత్త టైల్స్ అని 1.4 లక్షలు రాశారు. పైన గోడ మచ్చ, దూలం కనిపించకుండా ఫాల్స్ సీలింగ్, లైట్లు 90,000. గోడలో ఉన్న వైర్లు, పైపులు పక్కకు జరపడానికి 75,000. రంగులకు 40,000. సోఫాలో కూర్చున్నవాళ్లకు వంటగట్టు కనిపిస్తుంది కాబట్టి మామూలు షట్టర్లు పనికిరావు, మెరిసేవి కావాలి. ఆ గోడకున్న అరలు, సజ్జ పోతాయి కాబట్టి ఆ సామాను పెట్టుకోవడానికి మరో పొడుగాటి యూనిట్ కావాలి. అలా మాడ్యులర్ కిచెన్ ఖర్చు 3.4 లక్షలకు చేరింది.

కొటేషన్‌లో లేని ఖర్చు ఇంకొకటి ఉంది. మీ హాలులో ఏసీ ఉందని రాశారు. ఆ ఏసీ ఇప్పుడు వంటగదిని కూడా చల్లబరచాలి. విజయవాడ ఎండల్లో, పక్కనే స్టవ్ వెలుగుతుంటే, పాత ఏసీ సరిపోదు. కరెంటు బిల్లూ పెరుగుతుంది. హాల్లో ఫ్యాన్ వేస్తే ఆ గాలికి స్టవ్ మంట రెపరెపలాడుతుంది. ఎండుమిర్చి పోపు ఘాటు, చేపల పులుసు వాసన చిమ్నీ పెట్టినా కొంతైనా సోఫా గుడ్డలకు పడతాయి. రోజూ రెండు పూటలా వండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. బయటి తిండి ఎక్కువగా తెప్పించుకునే చిన్న కుటుంబానికి ఓపెన్ కిచెన్ హాయిగా ఉంటుంది. మీ ఇల్లు అలాంటిది కాదనిపిస్తోంది. పాప చదువుకునేది హాల్లోని డైనింగ్ టేబుల్ దగ్గరే అన్నారు కదా! మిక్సీ మోతకీ కుక్కర్ విజిల్‌కీ ఆ గోడే అడ్డం. ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) చదువుల రెండేళ్లలో ఆ గోడ విలువ ఇంకా ఎక్కువ.

ఇక లోన్. నెలకు 6,300 అంటే తేలిగ్గా అనిపిస్తుంది. 15 ఏళ్లలో మీరు కట్టేది దాదాపు 11.28 లక్షలు, అందులో 5.28 లక్షలు వడ్డీ. షట్టర్లు, చిమ్నీ పదేళ్లకు పాతబడతాయి, వాయిదాలు మాత్రం ఇంకో ఐదేళ్లు నడుస్తాయి. అదే 6 లక్షలు ఐదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 12,600, వడ్డీ 1.56 లక్షలు. నెలకు 12,600 కట్టలేమనిపిస్తే ఈ పని మన స్తోమతకు మించిందనే అర్థం. పన్ను మినహాయింపు మీద కూడా ఆశ పెట్టుకోకండి. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు లోన్ వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, అదీ ఇంటి లోన్ వడ్డీకున్న మొత్తం 2 లక్షల పరిమితిలో భాగంగానే. కొత్త విధానంలో అదీ లేదు.

అమ్మేటప్పుడు ఈ డబ్బు తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర ఫ్లాట్ కొనేవాళ్లు చూసేది ఏరియా, ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ, ఏ ఫ్లోర్, ఏ ముఖం, పార్కింగ్ ఉందా అన్నవే. గోడ లేదని ఎక్కువ ఇచ్చేవాళ్లు అరుదు. కాబట్టి దీన్ని పెట్టుబడిగా కాకుండా ఖర్చుగానే లెక్కేసుకోండి.

మీ ఎఫ్‌డీ 4 లక్షలు ఈఎంఐతో కలిపి మీకు ఐదు నెలల ఖర్చు. దాన్ని కదపొద్దు. ఈ నెల నుంచే నెలకు 12,600 ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. ఏడాదికి అసలే 1,51,200 అవుతుంది. ఆ డబ్బుతో గోడ ఉంచి, దానిలో మూడు నాలుగు అడుగుల వెడల్పున కిటికీ కొట్టించండి. దాని కింద గ్రానైట్ బల్ల వేయిస్తే గిన్నెలు అందించుకోవచ్చు, హాల్లో వాళ్లతో మాట్లాడుతూ వండుకోవచ్చు. జరిపే అద్దం తలుపు పెట్టిస్తే పోపు వేసేటప్పుడు మూసేయొచ్చు. మంచి చిమ్నీ, వెలుతురు కూడా ఈ డబ్బులోనే రావాలని ముందే చెప్పి కొత్త కొటేషన్ తీసుకోండి. ఫ్లోరింగ్, సీలింగ్ ముట్టుకోనక్కర్లేదు. రెండో ఏడాది ఆర్‌డీ పాప కాలేజీ ఫీజుకి.

కిటికీకైనా ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి. ఆ కాలపు అపార్ట్‌మెంట్లలో బరువు సాధారణంగా పిల్లర్లు, దూలాల మీదే ఉంటుంది, లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు అడ్డుగోడలే. అయినా మేస్త్రీ తట్టి చూసి చెప్పిన మాట మీద ఆధారపడొద్దు, కింద పైన వేరే కుటుంబాలున్నాయి. అసోసియేషన్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఫ్లాట్ బ్యాంకు తనఖాలో ఉంది కాబట్టి వాళ్లనూ అడగండి. డబ్బు పని జరిగినంతవరకే ఇస్తూ, చివరి పదో వంతు డబ్బును పని పూర్తయిన నెల తర్వాత ఇవ్వండి.

ఇంకొక్క మాట. పొద్దునా సాయంత్రం స్టవ్ దగ్గర ఎక్కువసేపు ఉండేది మీ అత్తగారేనని రాశారు. ఉత్తరం మొత్తంలో ఆవిడ ఏమంటున్నారో లేదు. పూజగూడు కూడా ఆ గోడకే ఉందన్నారు. కిటికీ ఎక్కడ, ఎంత ఎత్తులో ఉండాలో ఆవిడని వంటగట్టు దగ్గర నిలబెట్టి అడిగి, సుద్దముక్కతో గోడ మీద గీయించండి.