ఒక్కరోజు సదస్సు చాలదు, మాస్టారూ

(పిల్లల పెంపకం, బడి జీవితం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నవారు 32 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశారు.)

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఊళ్లో గంజాయి, గుట్కా బెడద పెరిగిందని తల్లిదండ్రుల కమిటీ ఆందోళన పడుతోంది. ఈ నెలాఖరున పెద్ద ఎత్తున అవగాహన సదస్సు పెట్టాలనుకుంటున్నాం. పోలీసు అధికారిని పిలిచి, పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు, నోటి క్యాన్సర్ ఫొటోలు తెరమీద చూపిస్తే పిల్లల్లో భయం పుడుతుందని మా ఆలోచన. మీ సలహా చెప్పండి.
– ఒక ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ఆదుర్దా నాకు తెలుసు. నేనూ హెచ్ఎంగా ఉన్న తొలి రోజుల్లో అచ్చంగా ఇలాంటి సదస్సే పెట్టించాను. షామియానా, మైకు, ఊరంతా ర్యాలీ, చేయి చాపి ప్రతిజ్ఞ, అన్నీ జరిగాయి. వచ్చిన పెద్దమనిషి శ్రద్ధగానే మాట్లాడారు. మధ్యలో ఒక చిన్న పొట్లం పైకెత్తి చూపించి, అందులో ఏముంటుందో, దాన్ని ఏ పేరు పెట్టి అడుగుతారో, జేబులో ఎలా దాస్తారో వివరంగా చెప్పారు. మర్నాడు మధ్యాహ్న భోజనం వరుసలో ఏడో తరగతి పిల్లవాడొకడు పక్కవాడిని అడుగుతున్నాడు: “అది తింటే నిజంగా తల తిరుగుతుందా?” ఆ పేరు పెట్టే అడిగాడు. అంతకు ముందురోజు దాకా వాడికి ఆ పేరు తెలియదు. మేమే నేర్పాం. ఇన్నేళ్లయినా ఆ వరుస, ఆ కంచం పట్టుకున్న చేయి నా కళ్లముందు నుంచి పోలేదు.

ఇది మా ఒక్క బడి అనుభవమే కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో 1983లో ‘డేర్’ అనే కార్యక్రమం మొదలైంది. యూనిఫాం వేసుకున్న పోలీసులే తరగతికి వచ్చి మాదకద్రవ్యాల గురించి పాఠాలు చెప్పేవారు. తల్లిదండ్రులకు నచ్చింది, ఆ దేశమంతా పాకింది. పాఠాలు విన్న పిల్లలనూ విననివాళ్లనూ ఏళ్ల తరబడి పోల్చి చూసిన పరిశోధకులకు మాత్రం మత్తు అలవాట్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చివరికి ఆ సంస్థ తన పాఠాలనే మార్చుకుంది. పద్నాలుగేళ్ల వాడికి యాభయ్యో ఏట వచ్చే క్యాన్సర్ చాలా దూరంలో ఉంటుంది. పక్క బెంచీవాడు పిరికివాడంటాడేమోనన్న భయం మాత్రం ఇప్పుడే, ఇక్కడే ఉంటుంది. మన పని ఆ రెండో భయం దగ్గర మొదలు కావాలి.

నాకు ఫలితం కనబడిన పనులు రెండు చెబుతాను. మొదటిది చీటీల పాఠం. తొమ్మిదో తరగతిలో తలా ఒక చీటీ ఇచ్చి, “మన దేశంలో మీ ఈడు పిల్లలు వందమంది ఉంటే, వాళ్లలో ఎంతమంది పొగాకు ముడుతున్నారనుకుంటున్నారు? పేరు రాయొద్దు, అంకె ఒక్కటే రాయండి” అన్నాను. చీటీలు విప్పితే చాలావాటిలో సగం పైమాటే. అప్పుడు బోర్డుమీద 8.5 అని రాశాను. 2019లో జరిగిన ప్రపంచ యువత పొగాకు సర్వేలో, మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల లెక్క అది. అంటే నూటికి తొంభై మందికి పైగా దాని జోలికి పోవడం లేదు. గది నిశ్శబ్దమైపోయింది. చివరి బెంచీ నుంచి ఒకడు, “అయితే అందరూ చేస్తున్నారన్నది అబద్ధమా టీచర్?” అన్నాడు. అందరూ చేస్తున్నారనుకునే పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోతానని బెంగపడతాడు. ఎక్కువమంది తనలాంటివాళ్లే అని తెలిస్తే వాడికి కాలూనుకునే నేల దొరుకుతుంది.

రెండోది, ‘వద్దు’ అనడం అభ్యాసం చేయించడం. వద్దని చెప్పండి అని మనం ఉపదేశిస్తాం కానీ, ఎలా చెప్పాలో ఎప్పుడైనా నేర్పామా? సుద్దముక్కను సిగరెట్టులా పట్టుకుని ఇద్దరు బతిమాలుతారు, వెక్కిరిస్తారు, “ఒక్కసారే కదరా” అంటారు. మూడోవాడు స్నేహం చెడకుండా తప్పించుకోవాలి. మొదటి వారం పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడో వారానికి మాటలు వాళ్లంతట వాళ్లే తయారు చేసుకుంటారు. మా కబడ్డీ జట్టు కుర్రవాడొకడు అన్న మాట ఇది: “వద్దురా, కూత మధ్యలో ఊపిరి అందదు.” ఆ మాట బడంతా పాకింది. నేను పేజీలకు పేజీలు రాయించిన నోట్సుకు ఆ భాగ్యం దక్కలేదు.

ఇక మీ సదస్సు సంగతికి వస్తాను. పోలీసు అధికారిని తప్పకుండా పిలవండి, అయితే ఆయన్ను ముందుగా గేటు బయట ఉన్న బడ్డీకొట్టు దగ్గరికి తీసుకువెళ్లండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. షామియానాకు అయ్యే డబ్బుతో ఒక వాలీబాలూ వలా కొనండి. బడి వదిలినప్పటి నుంచి చీకటి పడేదాకా ఏ పనీ లేని పిల్లవాడినే ఆ పొట్లం వెతుక్కుంటూ వస్తుంది.

ఇంకొక్క మాట. బీహార్‌లోని నలంద జిల్లాలో 75 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, బడి వాతావరణాన్నీ పిల్లల ఆరోగ్యాన్నీ మెరుగుపరచడానికి ‘సెహర్’ అనే ప్రయోగం చేశారు. ఫలితాలు 2018లో వైద్య పత్రిక ‘లాన్సెట్’లో వచ్చాయి. కొన్ని బడుల్లో ఆ పని ఉపాధ్యాయులకే అప్పగించారు. కొన్నింటిలో శిక్షణ పొందిన మామూలు మనిషిని, అంటే వైద్యుడూ మానసిక నిపుణుడూ కాని వ్యక్తిని, సలహాదారుగా నియమించారు. ఆ మనిషి అసెంబ్లీలో మాట్లాడడం, గోడపత్రిక పెట్టించడం, పిల్లలు చీటీలు వేసే పెట్టె నడపడం, కావాలన్నవాళ్లతో విడిగా మాట్లాడడం చేసేవారు. సలహాదారు ఉన్న బడుల్లో ఏడిపించడం, కొట్లాటలు, కుంగుబాటు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైంది. టీచర్లకు అప్పగించిన బడుల్లో ఆ మార్పు రాలేదు. చదివినప్పుడు టీచరుగా నా మనసు చివుక్కుమంది. కానీ ఒప్పుకున్నాను. సిలబస్ తొందర మనది, మార్కులు వేసే చేయీ మనదే. అదే చేతికి పిల్లవాడు తన గుట్టు ఎలా అప్పగిస్తాడు? మీ కమిటీ నిజంగా ఖర్చు పెట్టదలిస్తే, ఊళ్లో డిగ్రీ చదివిన ఓపికగల అమ్మాయినో అబ్బాయినో చూసి, శిక్షణ ఇప్పించి, ఏడాది పొడుగునా బడిలో ఉంచండి. నా ఓటు దానికే.

ప్రశ్న: వారానికి ఒక గంట ఆరోగ్య పాఠాల వంటి వాటికి పోతే పదో తరగతి ఫలితాలు ఏం కావాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ గంట ఎవరో సరదాకు పెట్టింది కాదండీ. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి, 11 అంశాల మీద ఆటలతో, చర్చలతో నడపమన్నారు. చాలాచోట్ల ఆ గంటలో లెక్కల ప్రత్యేక తరగతి జరిగిపోతోంది. మీ బడిలో ఏం జరుగుతోందో ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో అడగండి.

ప్రశ్న: ఉతకడానికి తీస్తే మా అబ్బాయి ప్యాంటు జేబులో ఖైనీ పొట్లం దొరికింది. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. వాళ్ల నాన్నకు చెబితే చావగొడతారు. స్కూల్లో చెబితే పరువు పోతుంది. ఆయన సిగరెట్ల కోసం వీణ్నే కొట్టుకు పంపుతుంటారు, అక్కడే అలవాటైందేమో.
– ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు కాస్త అన్నం తినండి. పొట్లం దొరికినంత మాత్రాన పిల్లవాడు చేయి దాటిపోయినట్టు కాదు. ఎవరిదో దాచిపెడుతున్నాడేమో, ఒక్కసారి రుచి చూశాడేమో, రోజూ వేసుకుంటున్నాడేమో, మూడూ వేరువేరు సంగతులు. అడిగితేనే తెలుస్తుంది. ఇద్దరూ ఏదైనా పని చేసుకుంటూ, చిక్కుళ్లు ఒలుస్తూనో బట్టలు మడతపెడుతూనో, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని అడగండి. “ఇది నీ జేబులో దొరికింది. కొట్టను, తిట్టను. ఎప్పటినుంచి?” అని అడిగి ఆగండి. జవాబు వెంటనే రాకపోయినా ఆగండి. ఆ మౌనాన్ని మీరు నింపేస్తే వాడు మాట్లాడడు. రోజూ వాడుతున్నానంటే మానలేకపోవడం వాడి మొండితనం కాదు, నికోటిన్ పట్టు అది. పొగాకు మానిపించే జాతీయ ఉచిత ఫోను 1800-11-2356, మనసు బాగోలేకపోతే మాట్లాడడానికి టెలిమానస్ 14416 ఉన్నాయి.

ఇక మీ ఉత్తరంలో చివరి వాక్యం. అసలు సంగతి అక్కడే ఉందని నాకనిపిస్తోంది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు సిగరెట్టు అమ్మడం నేరం. తండ్రి పంపినా అంతే. మీ ఆయనతో ఈ నేరం మాటెత్తి వాదన పెట్టుకోకండి. “వాణ్ని కొట్టుకు పంపకండి, మీరే తెచ్చుకోండి” అన్న ఒక్క కోరిక కోరండి. కొడుకు జేబు సంగతి ఆ తరవాత, మీ ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న పూట చెప్పవచ్చు. బడిలో అందరికీ చెప్పనక్కర్లేదు, వాడికి నచ్చిన ఒక్క టీచర్‌కు చెప్పండి. చాలాసార్లు అది పీఈటీ మాస్టారే అవుతారు.

ప్రశ్న: మా బడిలో సమస్యల పెట్టె పెట్టారు. పేరు రాయకుండా వేయమన్నారు. ఒక సీనియర్ అన్నయ్య ఫొటోలు పంపమని ఫోనులో వేధిస్తున్నాడని నేను చీటీ రాసి వేశాను. టీచర్ నా చేతిరాత గుర్తుపట్టి, క్లాసులో అందరిముందూ “ఇది రాసింది నువ్వే కదా” అన్నారు. ఇప్పుడు బడికి వెళ్లాలనిపించడం లేదు.
– తొమ్మిదో తరగతి అమ్మాయి

జవాబు: చిట్టితల్లీ, నీ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. నువ్వు చీటీ రాయడం ధైర్యం. దాన్ని కాపాడవలసిన పెద్దవాళ్లు కాపాడలేకపోయారు. నేనూ టీచర్నే కాబట్టి వాళ్ల తరఫున నిన్ను క్షమించమని అడుగుతున్నాను. నువ్వేమీ పంపవద్దు. వాడు పంపిన సందేశాలు చెరపకుండా ఉంచు. అమ్మకో, అత్తకో, నువ్వు నమ్మే ఎవరికైనా ఈ రోజే చూపించు. ఇంట్లో చెప్పలేకపోతే 1098కి ఫోను చెయ్యి. పిల్లల కోసమే ఉన్న నంబరు అది, డబ్బులు పడవు. ఆ ఫోను పెద్దవాళ్లెవరూ నీకు చేసిపెట్టనక్కర్లేదు, నువ్వే చేయవచ్చు.

ఈ ఉత్తరం చదువుతున్న ప్రధానోపాధ్యాయులకు: మీ బడిలో పెట్టె ఉంటే దాని తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. చీటీలు స్టాఫ్ రూంలో విప్పకండి. చేతిరాత గుర్తుపట్టినా బయటపెట్టకండి, ఆ పిల్లను ఒంటరిగా కలవండి. లైంగిక వేధింపు విషయాలు దాచడానికి చట్టం ఒప్పుకోదు, ప్రాణాపాయం ఉన్నవీ దాచకూడదు. అలాంటివి పై వాళ్లకు చెప్పక తప్పదని పెట్టె పెట్టిన రోజునే పిల్లలందరికీ చెప్పండి. మా బడిలో ఆ మాట పెట్టె మూతమీదే తెల్ల రంగుతో రాయించాం.