బైపాప్ మీద రీసెర్చ్ చేయాలంటే ముందు వార్డులో నిలబడాలి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి అడిగారు: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో వాళ్ల తాతగారికి ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే బైపాప్ మాస్కు పెట్టి బతికించినప్పటి నుంచి ‘దాని మీదే రీసెర్చ్ చేస్తా’ అంటోంది. అమీర్‌పేటలో ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేర్పించమంటారా?

ఇప్పుడే వద్దమ్మా. అలాంటి కోర్సు ఎంతోకొంత పనికొచ్చేది డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకి. వట్టి ఇంటర్‌తో చేరితే సర్టిఫికెట్ వస్తుంది గానీ ఇంటర్వ్యూకి పిలుపు రాదు. గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాసిమ్మనండి, ఎంత మంది రాసిస్తారో చూద్దాం.

అమ్మాయి పట్టుకున్న విషయం మాత్రం గట్టిదే. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి ఊపిరి సరిగా వదల్లేకపోతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ధమని రక్తంలో దాని ఒత్తిడి 45 మి.మీ. మెర్క్యురీ దాటి, రక్తం పీహెచ్ 7.35 కంటే దిగితే, అంటే రక్తం ఆమ్లం వైపు జరిగితే, రెస్పిరేటరీ అసిడోసిస్ అంటారు. గొంతులో గొట్టం వేయకుండా మాస్కుతోనే ఈ గండం గట్టెక్కించవచ్చా అని బ్రిటన్‌లో 14 ఆసుపత్రుల్లో 236 మంది మీద చూశారు. ఫలితాలు 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 20 శాతం మంది చనిపోతే, దానికి తోడు మాస్కు పెట్టినవాళ్లలో 10 శాతం. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకోటుంది: ఇదంతా ఐసీయూలో కాదు, మామూలు వార్డుల్లో, అక్కడి సిబ్బందితోనే జరిగింది.

అందుకే ముందు ఆ చేతిపని రావాలంటాను. మణికట్టు దగ్గర ధమనిలో సూది గుచ్చి రక్తం తీయాలి. సిరంజిలో గాలి బుడగ మిగిలిందంటే రీడింగ్ నమ్మలేం. మాస్కు పెట్టిన గంటకో రెండు గంటలకో మళ్లీ తీసి, పీహెచ్ పెరిగిందా లేదా చూడాలి. ముక్కు పక్కన కాస్త సందున్నా గాలి కళ్లలోకి కొడుతుంది, పేషెంటు విసుగొచ్చి మాస్కు పీకేస్తాడు. పరిశోధనకి వేరే చిక్కులూ ఉన్నాయి. మాత్రల ట్రయల్ (రోగుల మీద చేసే ప్రయోగ పరీక్ష) అయితే ఉత్తుత్తి మాత్రిచ్చి ఎవరికి ఏది పడిందో దాచవచ్చు. మాస్కుని ఎలా దాస్తారు? పైగా కార్బన్ డయాక్సైడ్ తలకెక్కి మగతగా ఉన్న మనిషి సమ్మతి పత్రం ఏం చదువుతాడు? పక్కనున్న కొడుక్కేమో బిల్లు దిగులు. అతనికి అర్థమయ్యేలా చెప్పడం పుస్తకం చదివితే రాదు.

దారి చెబుతాను. బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అలైడ్ హెల్త్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. తర్వాత రెండు మూడేళ్లు ఐసీయూలో పనిచేస్తే, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా, అంటే ట్రయల్ రోజువారీ పనులు చూసే ఉద్యోగిగా వెళ్లినప్పుడు ఆమె మాటకి విలువుంటుంది. ఇలాంటి ట్రయల్స్‌ని ముందుండి నడిపేది సాధారణంగా ఎండీ డాక్టర్లే, ఆ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పేయండి. సొంతంగా పరిశోధన చేయాలంటే పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. మొదట్లో జీతం తక్కువ, నైట్ డ్యూటీలు తప్పవు.

ఈలోగా సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) వెబ్‌సైట్‌లో సీఓపీడీ అని వెతకమనండి. మన దేశంలో నమోదైన ట్రయల్స్ వివరాలు ఉచితంగా చదువుకోవచ్చు. విసుగు పుట్టకపోతే నిజంగా ఇష్టమున్నట్టే.

కాలేజీ చూడ్డానికి వెళ్తే బిల్డింగ్ చూసి రాకండి. సొంత ఐసీయూ ఉందా, పిల్లల్ని వెంటిలేటర్ ముట్టుకోనిస్తారా అని అక్కడి సీనియర్లనే అడగండి. అమీర్‌పేటలో అడ్వాన్సేమైనా కట్టి ఉంటే, రశీదు తీసుకుని ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి.