రెండు చరిత్ర కోర్సుల కోసం ఇంటి మీద అప్పా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 46 ఏళ్లు. హెచ్-1బి వర్క్ వీసా మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డుకు కంపెనీ పెట్టిన ఐ-140 అర్జీ ఆమోదం పొంది గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. ఏడాదికి 1,55,000 డాలర్ల జీతం, నా ఒక్కడి సంపాదనే. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ లేదు, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 32,000 డాలర్లు అవుతుంది. తనేమో మొదటి రెండేళ్లు ఇంటి దగ్గరున్న కాలిన్ కాలేజీలో చదివి తర్వాత యూనివర్సిటీకి మారతానంటోంది. అక్కడ ఫీజు, పుస్తకాలు కలిపి ఏడాదికి 3,500 దాటదు. అలాంటి కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. పైగా మొదట చదివేవి అమెరికా చరిత్ర లాంటి ప్రాథమిక కోర్సులే. ఆ చదువుకు రెండేళ్లు పోగొట్టడం నాకు ఇష్టం లేదు. కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా 401(కె) నుంచి 30,000, రెండో ఏడాది నుంచి ఇంటి మీద 60,000 అప్పు తీసుకుందామనుకుంటున్నాను. ఏది ముందు తీసుకోవాలి? బ్యాంకులో 9,000 ఉంది. నెల ఖర్చు 7,000, మిగులు 1,800.

జవాబు: రెండూ వద్దు. ఏది ముందు అని మీరు అడిగారు గానీ, నా కళ్లు బ్యాంకులో ఉన్న ఆ 9,000 దగ్గరే ఆగిపోయాయి. హెచ్-1బి మీద, ఒక్క జీతంతో, నలుగురి మాట కోసం అప్పుకు సిద్ధపడే కుటుంబాలు నాకు తరచూ రాస్తుంటాయి. అందుకే మీ ప్రశ్నను ఎంచుకుని కాస్త గట్టిగా జవాబిస్తున్నాను.

ముందు ఆ చరిత్ర కోర్సుల సంగతి. అమెరికా చరిత్రను తప్పించుకునే దారి మీ అమ్మాయికి ఎలాగూ లేదు. టెక్సస్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే ఏ కాలేజీ అయినా, యూనివర్సిటీ అయినా, అమెరికా చరిత్రలో 6 క్రెడిట్లు లేకుండా బ్యాచిలర్ డిగ్రీ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకూ మినహాయింపు లేదు. అంటే యూనివర్సిటీలో చేరినా ఆ క్రెడిట్లు తెచ్చుకోవాల్సిందే, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ ఫీజు కట్టి. కాలిన్ కాలేజీలో హిస్ట్ 1301, హిస్ట్ 1302 అన్న సంఖ్యలతో చదివినవే టెక్సస్ ఉమ్మడి కోర్సు సంఖ్యల పద్ధతిలో ప్రభుత్వ యూనివర్సిటీలకు చెల్లుతాయి. 42 క్రెడిట్ల కోర్ (అందరూ చదవాల్సిన ప్రాథమిక కోర్సులు) మొత్తాన్ని ఒకచోట పూర్తిచేస్తే రాష్ట్రంలోని మరో ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా అంగీకరించాలి. డిగ్రీ పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే.

ఆ కోర్సులు తక్కువవి అనుకోవడం కూడా పొరపాటే. మొదటిది యూరోపియన్ల రాకకు ముందు నుంచి అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణం వరకు, రెండోది అక్కడి నుంచి మన రోజుల వరకు నడుస్తుంది. ఆసియా వాసుల రాకను దాదాపు మూసేసిన 1924 చట్టం, తలుపులు తెరిచిన 1965 చట్టం ఆ రెండో కోర్సు కాలంలోనివే. హెచ్-1బి వీసా పుట్టింది 1990 చట్టంతో. మీరు ఏళ్ల తరబడి వరుసలో ఎందుకు నిలబడ్డారో మీ అమ్మాయి అక్కడ చదువుకుంటుంది. 1930ల మొదట్లో వేలాది బ్యాంకులు మూతపడి, ఉద్యోగాలతో పాటు దాచుకున్న డబ్బు కూడా పోయిన కుటుంబాల సంగతీ ఆ కోర్సులోనే వస్తుంది. 1933లో డిపాజిట్ బీమా వచ్చింది ఆ దెబ్బకే. ఆ పాఠాలు ఆమెతో పాటు మీరూ చదవండి. రైస్ యూనివర్సిటీ వారి ఓపెన్‌స్టాక్స్‌లో అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు మీ అప్పుల సంగతి. 401(కె) నుంచి 30,000 తీసుకుంటే అయిదేళ్లలో తీర్చాలి, నెలకు 600 డాలర్లకు పైగా వాయిదా పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోయిందనుకోండి. అప్పటికి దాదాపు 25,000 బాకీ ఉంటుంది. మరుసటి ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా ఆ సొమ్ము తిరిగి జమ చేయలేకపోతే దాన్ని మీరు వాడుకున్నట్టే లెక్కగట్టి ఆదాయపు పన్ను వేస్తారు, ఆపైన పది శాతం జరిమానా. అదే సమయంలో వీసా గడియారం మొదలవుతుంది. కొత్త యజమాని మీ తరఫున దరఖాస్తు చేయడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆరోగ్య బీమా కొనసాగించాలంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా కలిపి ప్రీమియం మొత్తం, మరో 2 శాతం రుసుము మీరే కట్టాలి. అంటే జీతం ఆగిన నెలలో ఖర్చు 7,000 దగ్గర ఆగదు, ఇంకా పెరుగుతుంది. మీ 9,000 అయిదు వారాలైనా వస్తుందా?

ఇవన్నీ విడివిడిగా రావు. ఒక్క ఉద్యోగం పోతే అన్నీ కలిసే వస్తాయి. దాని మీద ఇంటి అప్పు కూడా పెట్టుకుంటానంటున్నారు. వాయిదా తప్పితే పోయేది పిల్లలు నిద్రపోయే ఇల్లు. టెక్సస్‌లో ఇంటి విలువలో 80 శాతం దాకానే అప్పులు ఉండనిస్తారు గనుక భయం లేదని కొందరు ఏజెంట్లు చెబుతారు. ఆ పరిమితి మీ నెలవారీ వాయిదా కట్టదు. అరవై రోజుల్లో దేశం విడిచి వెళ్లాల్సి వస్తే ఆ ఇంటిని వచ్చిన ధరకు అమ్ముకోవాలి. బంధువుల మాట కోసం ఇంత ప్రమాదం తలకెత్తుకోవడం నాకు అర్థం కాదు, అంగీకారమూ కాదు.

అత్యవసర నిధి విషయంలో నేను పట్టు విడవను. రెండు జీతాలు, పౌరసత్వం ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. హెచ్-1బి మీద ఒకే జీతంతో నడిచే ఇంటికి తొమ్మిది నెలలు ఉండాలి. మీ లెక్కలో 63,000. అది షేర్లలో కాదు, హైదరాబాద్‌లోని స్థలంలో కాదు, 401(కె)లో అసలే కాదు. డిపాజిట్ బీమా ఉన్న సేవింగ్స్ ఖాతాలో, అడిగిన రోజున చేతికొచ్చేలా ఉండాలి.

అంత ఎలా వస్తుందంటారా? మీ అమ్మాయి చెప్పిన దారిలోనే వస్తుంది. మీ మిగులు ఏడాదికి 21,600. అందులో కాలేజీకి 3,500 పోతే 18,100. ఆమె కనీసం సగం కోర్సు భారంతో డిగ్రీ కోసం చదువుతుంటే అమెరికన్ ఆపర్చ్యూనిటీ పన్ను రాయితీ దొరుకుతుంది. ఖర్చులో మొదటి 2,000 పూర్తిగా, తర్వాతి 2,000లో పావు వంతు మీ పన్నులోంచి తగ్గుతుంది. 3,500కు 2,375 వెనక్కి వచ్చినట్టే. దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 లోపు ఉంటే రాయితీ పూర్తిగా ఇస్తారు, మీరు ఆ లోపే ఉన్నారు. ఇప్పుడున్న 9,000 కలుపుకుంటే రెండేళ్లలో 50,000కు చేరువవుతారు. ఏడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది, ఒక్క డాలర్ బాకీ ఉండదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇప్పుడు వచ్చిన సీటు వదులుకుంటే తర్వాత ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. కంప్యూటర్ సైన్స్‌లో అలా చేరేవారికి సీట్లు పరిమితంగా ఉండొచ్చు, గ్రేడ్లు గట్టిగా చూస్తారు. కోర్‌లోని చరిత్ర కోర్సులకు ఇబ్బంది లేదు గానీ, కాలిక్యులస్, ప్రోగ్రామింగ్ కోర్సుల్లో ఏవి చెల్లుతాయో యూనివర్సిటీ అడ్వైజర్‌ను అడిగి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు చేతికి రాకముందు సీటు వదులుకోవద్దు. జవాబు నిరాశపరిస్తే, సీటు నిలుపుకుని చరిత్ర కోర్సులు రెండూ వేసవిలో కాలిన్ కాలేజీలో పూర్తిచేయవచ్చు.

మిగతావి క్లుప్తంగా. ఆమె పౌరురాలు కాబట్టి ఫెడరల్ విద్యా సహాయానికి పెట్టే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ దరఖాస్తు నింపండి, మీ వీసా దానికి అడ్డు కాదు. తప్పనిసరైతే ఆమె పేరున ఫెడరల్ విద్యా రుణం మొదటి ఏడాది 5,500 వరకు దొరుకుతుంది, అది మీ ఇంటి జోలికి రాదు. మీ జీవిత బీమా మీరు పనిచేసే కంపెనీ ఇచ్చిందే అయితే ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి.

401(కె) అప్పు దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి. ఈ నెల జీతం పడగానే 1,800 వేరే ఖాతాలోకి దానంతట అదే వెళ్లే ఏర్పాటు చేసి, అడ్వైజర్ జవాబు వచ్చాక మళ్లీ రాయండి.