టెక్ సందేహాలు: గ్రూపులో పెట్టిన ఏపీకే వేసుకోవాలా?

ఈసారి ప్రశ్నలన్నీ ప్రభుత్వ ఉద్యోగులవే. సచివాలయాలు, బడులు, అంగన్‌వాడీల నుంచి ఒకే గోడు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది కాబట్టి ఒక్కచోట చేర్చాను. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ యాప్‌ని నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైలు.

మా శాఖ యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చిందని మండల వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలు పెట్టారు. నొక్కితే ఫోన్‌కి హాని కలగవచ్చని హెచ్చరిక వస్తోంది. అడిగితే "ఏం కాదు, ఓకే కొట్టండి" అన్నారు. పాత యాప్ తీసేస్తే గానీ కొత్తది ఎక్కడం లేదు. సాయంత్రంలోగా వేసుకోకపోతే పెండింగ్ లిస్టులో పేరు పెడతారట. ఏం చేయాలి?
— వెల్ఫేర్ అసిస్టెంట్, పల్నాడు జిల్లా

అదే వెర్షన్ ప్లే స్టోర్‌లో గానీ, మీ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో గానీ ఉంటే అక్కడి నుంచే దించుకోండి. రెండుచోట్లా లేకపోతే జిల్లా ఆఫీసులో యాప్ వ్యవహారం చూసేవాళ్లకి నేరుగా ఫోన్ చేసి అడగండి. గ్రూపులో అడిగితే లాభం లేదు. అక్కడ జవాబిచ్చేవాళ్లకీ ఆ ఫైలు ఇంకో గ్రూపు నుంచే వచ్చి ఉంటుంది.

"పాతది తీసేస్తే గానీ కొత్తది ఎక్కడం లేదు" అన్నారు చూడండి, నాకు టెన్షన్ పుట్టించింది ఆ ముక్కే. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ మీదా దాన్ని తయారు చేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. పాత యాప్ మీదున్న సంతకమే కొత్త ఫైలు మీదా ఉంటే అప్‌డేట్ దానంతటదే ఎక్కుతుంది. వేరే సంతకం ఉంటే ఫోన్ ఒప్పుకోదు, 'యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్' అనేసి ఊరుకుంటుంది. చాలాసార్లు దీనికి కారణం రెండింట్లో ఒకటి. యాప్ తయారుచేసే ఏజెన్సీ మారిపోయి పాత సంతకం కొత్తవాళ్ల చేతికి రాకపోయి ఉండాలి, లేదా ఆ ఫైలు మీ శాఖది కాకపోయి ఉండాలి. ఏది నిజమో మీ ఫోన్‌లో చూసి తేల్చుకునే దారి లేదు. పాతది తీసేసి వేసుకోమనడమంటే వాచ్‌మన్‌ని టీకి పంపించి గేటు తెరవమనడమే.

పీఎం కిసాన్, ఆర్టీఓ చలాన్, బ్యాంకు కేవైసీ, చివరికి పెళ్లి శుభలేఖ పేరుతో కూడా దొంగ ఏపీకేలు తిరుగుతున్నాయి. వేసుకున్న వెంటనే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఇచ్చామా, ఓటీపీలన్నీ అవతలివాడికి చేరతాయి. బ్యాంకు ఖాతా సంగతి ఎలాగూ ఉంది. దానికన్నా ముందే వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్ కూడా వాడి చేతికి వెళ్తుంది. ఆ ఖాతాలోకి దూరి మీరున్న గ్రూపులన్నింటిలో అదే ఫైలు మీ పేరుతో పెడతాడు. అందుకే ఇలాంటి ఫైలు తెలియని నంబరు నుంచి రావాలనేం లేదు. మన పై ఆఫీసరు నంబరు నుంచే, ఆయన ఫొటోతోనే, "అర్జెంట్" అనే మాటతో సహా రావచ్చు. రోజూ ఆఫీసువాళ్లే ఏపీకేలు పంపి ఓకే కొట్టమంటుంటే, ఆ రోజు వచ్చింది వేరే రకమని మీకెలా తెలుస్తుంది?

ఇంకో విషయం. ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, బయటి యాప్‌లు ఎక్కించే అనుమతి ఫోన్ మొత్తానికి కలిపి ఉండదు, ఏ యాప్‌కి ఆ యాప్‌కి విడిగా ఇవ్వాలి. మీరు వాట్సాప్‌కి ఒకసారి ఇచ్చి మర్చిపోతే అది అలాగే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ తెరిచి చూడండి. వాట్సాప్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్ ఎదురుగా 'అలౌడ్' అని ఉంటే ఇప్పుడే తీసేయండి. ఫోన్‌లో హానికర యాప్‌లని పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ అడ్డుపడుతోందని దాన్ని ఆపేయమని గ్రూపులో ఎవరైనా చెబితే ఆ మాట వినకండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

ఇప్పటికే అనుమానపు ఫైలు ఎక్కించి ఉంటే ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ కాల్ చేయండి. ఆ తర్వాత గ్రూపులో చెప్పండి. సిగ్గుపడి దాచుకుంటే ఇంకో పదిమంది మునుగుతారు.

శాఖల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్లే స్టోర్‌లో డెవలపర్ ఖాతాకి కట్టేది 25 డాలర్లు, అదీ ఒక్కసారే. తమ ఉద్యోగులకి మాత్రమే కనిపించేలా యాప్ పెట్టుకునే ఏర్పాటూ ఉంది. అయినా ఏపీకేలే ఎందుకు పంచుతారంటే, ప్లే స్టోర్‌లో పెట్టే ప్రతి మార్పుకీ పరిశీలన ఉంటుంది, దానికి టైం పడుతుంది. ఇక్కడేమో రాత్రి టెలికాన్ఫరెన్స్‌లో పెద్దసారు అడిగిన కొత్త కాలమ్ తెల్లారేసరికి యాప్‌లో ఉండాలి! పరీక్షించేది లేదు, నోట్ రాసేది లేదు. పొద్దున్న సర్వర్ బిజీ, మధ్యాహ్నం ఇంకో వెర్షన్, సాయంత్రం పర్సెంటేజ్ తగ్గిందని మెమో. ఈ తొందర తగ్గకుండా ఉద్యోగులకి సైబర్ అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఫలితం ఉండదు.

ముఖ హాజరు యాప్‌ని సొంత ఫోన్‌లో వేసుకున్నాం. మా ఫొటోలు, వాట్సాప్ అధికారులకి కనిపిస్తాయా?
— స్కూల్ అసిస్టెంట్, అనకాపల్లి జిల్లా

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ఈ యాప్ తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పిన కారణాల్లో సొంత ఫోన్ విషయమూ ఒకటి. సాంకేతికంగా చూస్తే, మామూలు యాప్ ఏదీ వాట్సాప్ మెసేజ్‌ల్లోకి తొంగిచూడలేదు. మీరు అనుమతి ఇచ్చినవే చూస్తుంది. కెమెరా, లొకేషన్ రెండూ 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి. కాంటాక్ట్‌లు, ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (స్క్రీన్ మీదున్నది చదివే అనుమతి) అడిగితే హాజరుకి అవి దేనికో రాతపూర్వకంగా అడగండి. డివైస్ అడ్మిన్ హక్కులు అడిగితే ఇంకా జాగ్రత్త. స్క్రీన్ లాక్ చేయడం, ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడం దాకా ఆ హక్కులతో వెళ్లవచ్చు.

ఆఫీసు యాప్‌లని, సొంత యాప్‌లని ఒకే ఫోన్‌లో వేరువేరు గదుల్లో ఉంచే వర్క్ ప్రొఫైల్ 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచీ ఉంది. శాఖవాళ్లు పెత్తనం చేసేది ఆఫీసు గదిలోనే, మీ ఫొటోల జోలికి రాలేరు. బదిలీ అయితే ఆ గది ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. కాకపోతే అది శాఖవాళ్లు పూనుకుని పెట్టాల్సింది.

మీ భయం ఫోన్ గురించి, నా భయం సర్వర్ గురించి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి డేటా బయటికి పోయింది. దొంగిలించినవాడిని పట్టుకున్నారు గానీ పోలీసుల యాప్‌కే ఆ గతి పట్టింది. మీ ముఖం కొలతలు ఎక్కడ దాస్తున్నారు, రిటైరయ్యాక తీసేస్తారా, కాంట్రాక్టు ఏజెన్సీకి అందులో ఏం కనిపిస్తుంది అని మీ సంఘం తరఫున అడగండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి ఇది అడగకూడని ప్రశ్నేమీ కాదు.

ఫోన్ మెమరీ ఫుల్ అంటోంది, పోషణ్ ట్రాకర్ తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. ఏం తీసేయాలి?
— అంగన్‌వాడీ కార్యకర్త, మహబూబాబాద్ జిల్లా

వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. గ్రూపుల గుడ్ మార్నింగ్ బొమ్మలే సగం చోటు తింటాయి. అంగన్‌వాడీల పనంతా ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌కి 'క్లియర్ క్యాష్' కొట్టవచ్చు. 'క్లియర్ డేటా' మాత్రం ఎంట్రీలన్నీ సింక్ అయ్యాయని, అంటే సర్వర్‌కి చేరాయని, చూసుకోకుండా కొట్టొద్దు, చేసిన పని పోతుంది.

మీరు అడగలేదు గానీ మీ గ్యాలరీ ఒకసారి తెరవండి. తల్లుల ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, పిల్లల ఫొటోలు ఎన్ని ఉన్నాయి? 2025 జులై నుంచి టేక్ హోమ్ రేషన్‌కి (ఇంటికిచ్చే పోషకాహారానికి) ముఖ గుర్తింపు తప్పనిసరి చేశాక ఈకేవైసీ కోసం ఊరంతా మీ ఫోన్‌లోకి వచ్చేసింది. ఆ ఫొటోలు మీ సొంత ఖాతా నుంచి క్లౌడ్‌లోకి బ్యాకప్ అవుతుంటాయి, ఇంట్లో పిల్లలు గేమ్స్ ఆడేది ఆ ఫోన్‌లోనే. "ప్రసూతి డబ్బులు వచ్చాయి, ఓటీపీ చెప్పండి" అని మోసగాడు ఒక బాలింతకి ఫోన్ చేస్తే, ఆమె పేరూ కాన్పు తేదీ వాడికెలా తెలిశాయని ఎవరూ ఆరా తీయరు. ఎంట్రీ అయిన వెంటనే ఫొటో తీసేయండి, ట్రాష్‌లోంచి కూడా. గ్రూపులో ఆధార్ పెట్టమంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలేమో అడగండి.

ఇది మీ ఒక్కరి తప్పేం కాదు. కేంద్రం 2022 జూన్‌లో తన ఉద్యోగులకిచ్చిన సైబర్ భద్రతా సూచనల్లో బయటి స్కానర్ యాప్‌లు వాడొద్దని, ఆఫీసు ఫైళ్లు ప్రైవేటు క్లౌడ్‌లో పెట్టొద్దని చెప్పింది. సందేశ్ పేరుతో ప్రభుత్వానికి సొంత మెసేజింగ్ యాప్ కూడా ఉంది. మన మండలాల్లోనేమో లబ్ధిదారుల జాబితా మొత్తం ఒక ఆన్‌లైన్ షీట్‌లో, లింకు ఎవరి దగ్గరుంటే వాళ్లు తెరిచేలా, ఆధార్ నంబర్ల కాలమ్‌తో సహా తిరుగుతోంది.

టెండర్లో కొనే చవక ఫోన్ల గురించీ ఒక మాట. మెగాపిక్సెళ్లు అడుగుతారు, బ్యాటరీ అడుగుతారు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని అడిగే ఊసే ఉండదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. రెండుమూడేళ్ల కిందటిదైతే ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి సూపర్‌వైజర్‌కి ఇచ్చే అర్జీకి జత చేయండి. హ్యాంగ్ అవుతోందని నోటితో చెప్పేకన్నా అది బలంగా పనిచేస్తుంది.

ఫీల్డ్‌లో సిగ్నల్ ఉండదు, హాజరుకి ఫేక్ జీపీఎస్ యాప్ మంచిది ఒకటి చెప్పండి.
— పేరు రాయలేదు

చెప్పను. ఊరూపేరూ తెలియని యాప్‌కి లొకేషన్ అప్పగించి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచిపెట్టి, అదే ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడతారా? సిగ్నల్ లేని చోట తర్వాత సింక్ అయ్యే ఆఫ్‌లైన్ హాజరు కావాలని గట్టిగా అడగండి. అందులో తప్పేం లేదు.

బదిలీ అయింది. ఆఫీసు ఫోన్ అప్పగించాలి. రీసెట్ కొడితే చాలా?
— ఏఎన్ఎం, నంద్యాల జిల్లా

చాలదు. ముందు సింక్ పూర్తి చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి మీ జీమెయిల్ ఖాతా తీసేయండి, అప్పుడు రీసెట్ కొట్టండి. ఖాతా తీయకుండా బటన్లు నొక్కి పట్టుకుని రికవరీ నుంచి రీసెట్ చేస్తే, తెరిచేటప్పుడు అది పాత లాకో, మీ పాస్‌వర్డో అడుగుతుంది. కొత్తగా వచ్చినవారు పని ఆపుకుని మీకే ఫోన్ చేస్తారు. సిమ్, మెమరీ కార్డు ఎవరివో చూసుకోండి. అప్పగించేటప్పుడు రసీదులో ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) రాయించి సంతకం తీసుకోండి. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఆ నంబరు కనిపిస్తుంది.