సమాధానం: డెలవేర్ సెనేటర్ల పట్టికలో ఆ ఖాళీ నిజమే

అమెరికా సెనేటర్ల పట్టికలో 1901–03 మధ్య డెలవేర్ ఎదురుగా ఒక్క పేరూ దొరకలేదన్నారు కదండీ. మీ పట్టికలో తప్పు లేదు. అమెరికా పార్లమెంటు ఎగువసభ అయిన సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు సీట్లుంటాయి; ఆ రెండేళ్లూ ఆ రాష్ట్రానికి సెనేటర్లే లేరు.

అప్పట్లో సెనేటర్‌ను ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభ్యులు. 1866 చట్టం ప్రకారం సభలు కొలువుదీరాక రెండో మంగళవారం ఉభయ సభలూ విడివిడిగా ఓటేయాలి. అదీ రహస్యంగా కాదు, ఒక్కో సభ్యుడూ పేరు పైకి చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు సంయుక్త సమావేశం. రెండు చోట్లా ఒకరికే మెజారిటీ వచ్చి ఉంటే అక్కడితో సరి. లేదంటే ఎవరో ఒకరు తేలేదాకా, లేదా సమావేశాలు ముగిసేదాకా, రోజుకు కనీసం ఒక్కసారైనా ఓటింగ్ జరపాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే చాలదు, పోలైనవాటిలో సగానికి మించి రావాలి. వెనకబడ్డవాళ్లను తప్పించే నియమం లేదు. డెలవేర్‌లో సెనేటర్ కావాలనుకున్న గ్యాస్ వ్యాపారి ఆడిక్స్ వర్గం, ఆయన్ని ససేమిరా అన్న వర్గంగా రిపబ్లికన్లు చీలిపోయారు. 1899లో ఒక సీటు, 1901లో రెండోదీ ఖాళీ అయ్యాయి. 1903 మార్చిలో గానీ భర్తీ కాలేదు.

గవర్నర్ నియమించవచ్చుగా అంటారేమో. అప్పట్లో శాసనసభ సమావేశాలు లేనప్పుడు ఖాళీ ఏర్పడితేనే ఆ అధికారం. శాసనసభ ఎన్నుకోలేకపోయిన సీటుకు పెన్సిల్వేనియా గవర్నర్ పంపిన మాథ్యూ క్వేను 1900లో సెనేట్ 33–32 ఓట్లతో తిప్పి పంపింది.

1913 తర్వాతి పట్టికల్లో ఈ రకం ఖాళీలు కనబడవు. ఆ ఏడాది రాజ్యాంగ 17వ సవరణతో ఓటు నేరుగా ప్రజల చేతికొచ్చింది.